రాయడం ఆపేసి చదువుకోనా అని అడిగిన తమ్ముడికి

విజయనగరంలో బీటెక్ సెకండియర్, మూడు సబ్జెక్టులు మిగిలిపోయాయి, ఇంట్లో అప్పులు, నాన్నగారికి ఒంట్లో బాగోలేదు, రాత్రి రెండింటి దాకా కథలు రాసి పొద్దున్న క్లాసులో నిద్రపోతున్నావు, రాయడం ఆపేయాలా, రెండూ కుదురుతాయా అని అడిగావు. తమ్ముడూ అనే పిలుస్తాను, నీకన్నా ఏడెనిమిదేళ్లయినా పెద్దదాన్నే అయ్యుంటాను.

ముందే చెప్తున్నా, నేను పేరున్న రచయిత్రిని కాదు. అచ్చయినవి ఆరు కథలు, అంతే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, పలాసకి దగ్గర్లో ఒక పల్లె. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్లేది, నాన్నకి ఎకరం లోపు తోట, కొబ్బరీ జీడీ, గట్టున రెండు పనస చెట్లు. ఇప్పుడు గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను, ఈ జవాబు కూడా భోజనం టైములో మొదలుపెట్టాను, ఎక్కడైనా తెగినట్టుంటే మధ్యలో ఎవరో సర్టిఫికెట్ కోసం వచ్చారనుకో.

2016లో శ్రీకాకుళంలో బీఎస్సీలో చేరాను. రెండో సెమిస్టర్‌లో ఫిజిక్స్ పోయింది. ఇంట్లో పేపరు కష్టంగా ఇచ్చారని చెప్పాను. నాకు నేను మాత్రం, కథలు రాస్తున్నాను కాబట్టి పోయింది, ఇదొక త్యాగం అని చెప్పుకున్నాను. రెండూ అబద్ధాలే. ఆ సెమిస్టర్ మొత్తంలో నేను రాసింది నాలుగు పేజీలు, నాలుగు పేజీలకి ఫిజిక్స్ ఎందుకు పోతుంది? మరి టైమంతా ఎటుపోయిందంటే, ఫిజిక్స్ పుస్తకం ముందు కూర్చుని కథ గురించి ఆలోచించడం, కథ ముందు కూర్చుని పరీక్ష గురించి టెన్షన్ పడటం, ఈ రెండిటి మధ్య ఒక యాప్‌లో పెట్టిన పాత కథకి ఎవరైనా రేటింగ్ ఇచ్చారా అని పది నిమిషాలకోసారి ఫోన్ చూడటం. అందుకే కథల వల్ల చదువు పాడవుతోంది అని నువ్వంటే నేను వెంటనే నమ్మను. ఒక వారం పాటు నీ పెన్ను నిజంగా కదిలింది ఎంతసేపో గడియారం చూసి రాసుకో. నేను రాసుకుంటే వారానికి రెండు గంటలు కూడా రాలేదు. సిగ్గేసింది.

అప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నాను, గొప్పదేం కాదు. శనివారం సాయంత్రం ఆముదాలవలసలో రైలెక్కి ఇంటికి వెళ్లేదాన్ని. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి, తర్వాత పలాస. వెళ్లేటప్పుడు కథ, తిరిగి వచ్చేటప్పుడు ఫిజిక్స్. హాస్టల్లో కథ నోట్సు తియ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మొదటి రెండు వారాలు ప్రాణం కొట్టుకులాడింది, తర్వాత ఒక విచిత్రం జరిగింది, వారమంతా ముట్టుకోకపోయేసరికి శనివారానికి నాలుగైదు వాక్యాలు సిద్ధంగా ఉండేవి, సీటు దొరక్కపోతే తలుపు పక్కన నిలబడే రాసేసేదాన్ని. ఫిజిక్స్ సప్లిమెంటరీలో బొటాబొటిగా గట్టెక్కింది. నీకు రైలు లేకపోతే ఇంకోటి చూసుకో, కానీ రాత్రి పదకొండు తర్వాత మాత్రం వద్దు. ఆ టైములో రాసింది పొద్దున్న చూస్తే సగం ఏడుపే ఉంటుంది, నాదైతే అంతే.

ఇక కష్టాల సంగతి. 2018 దసరా సెలవులకి ఇంటికొచ్చాను, అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. పొద్దున్న చూస్తే మా తోటలో నలభై మూడు కొబ్బరి చెట్లలో ముప్పై ఒకటి నేల మీద ఉన్నాయి, జీడి చెట్లయితే వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క వేసి కాయ కొయ్యాలంటే ఏళ్లు పడుతుంది, నాన్న లెక్కేసుకుని మాట్లాడటం మానేశారు. కరెంటు లేదు, జనరేటర్ దగ్గర ఫోన్ చార్జింగ్‌కి కూడా డబ్బులు. నాకేమో, చెప్పుకోవడానికే బాధగా ఉంది, లోపలెక్కడో ఇది కథ అవుతుంది అనిపించింది. ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని కూర్చుంటే ఆకాశం ఏడ్చింది, చెట్లు మోకరిల్లాయి లాంటివి రెండు పేజీలు వచ్చాయి. చింపేశాను. నీ గుండె మండుతున్నప్పుడు కథ బాగా వస్తుందని ఎవరైనా చెప్తే వినకు.

మర్నాడు నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారని తెలిసి, అదే నోట్సులో పడిన చెట్లు వరసగా రాయడం మొదలుపెట్టాను. ఏ గట్టున ఉంది, కాపు ఎంత, ఎవరు వేశారు. నాన్న అరుగు మీద నుంచి చూసి, "ఏటమ్మా రాస్తన్నావు?" అన్నారు. చెట్ల లెక్క అన్నాను. కాసేపాగి లేచి వచ్చి, "నూతి కాడ చెట్టు మీ తాత ఏసింది, ఆ పేరు కూడా రాయి" అన్నారు. తోట పడ్డాక ఆయన నోరు విప్పింది అప్పుడే. ఆ పట్టికే రెండేళ్ల తర్వాత నా మొదటి అచ్చయిన కథ అయింది. అంతకుముందు దాన్ని ఒక పత్రికకి పంపితే ఏడాది దాటినా ఔననీ కాదనీ జవాబు లేదు, అది వేరే సంగతి.

2019లో సచివాలయం పరీక్ష రాశాను, రాలేదు. తర్వాతి నోటిఫికేషన్ 2020 జనవరిలో పడింది, అదే ఏడాది నాన్నకి డయాలసిస్ మొదలైంది. మా ఉద్దానంలో ఎంతోమందికి కిడ్నీ జబ్బు ఉంటుందని నీకూ తెలిసే ఉంటుంది. వారానికి రెండుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. కరోనా రోజులు, బయట చెట్టు కింద కూర్చునేదాన్ని. ఆ నాలుగు గంటలూ జీకే, రీజనింగ్, ఇంకేమీ కాదు. కథ ఒక్కటి కూడా రాయలేదు, రాయాలనీ అనుకోలేదు. ఒక్కటే చేశాను, ఇంటికొచ్చాక నాన్న ఆటోలో అన్న మాట ఏదైనా ఉంటే తేదీ వేసి ఒక్క లైను రాసేదాన్ని. కిడ్నీలు పాడైనవాళ్లకి పొటాషియం పడదు, కొబ్బరి నీళ్లలో అది ఎక్కువ. ఒకరోజు నాన్న నవ్వుతూ, "కొబ్బరి తోట ఉన్నోడికి బొండం తాగొద్దన్నాడు డాక్టరు, ఏటి సెప్పాల" అన్నారు. ఒక్క లైను. నేను ఎంత కూర్చుని ఆలోచించినా నాకు తట్టే మాట కాదు అది.

ఆ సెప్టెంబర్‌లో పరీక్షకి మూడు వారాల ముందు ఆ లైను కూడా ఆపేశాను, నోట్సు అమ్మకిచ్చి బియ్యం డబ్బాలో దాచమన్నాను. ఈసారి ఉద్యోగం వచ్చింది. నాన్న 2022లో పోయారు. తర్వాత ఏడాదిన్నర నేనేమీ రాయలేదు, దానికి నేనేమీ పశ్చాత్తాపపడటం లేదు.

పెద్ద రచయితలకి మనలాంటి బాధలు ఉండవు అని నీ ప్రశ్నలో చివర్న రాశావు, అది మాత్రం ఒప్పుకోను. నువ్వున్న ఊళ్లోనే గురజాడ అప్పారావు గారు విజయనగరం సంస్థానంలో కొలువు చేస్తూ, అనారోగ్యంతో ఉంటూ రాశారు, డైరీలు కూడా రాసుకున్నారు. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖలో ఏళ్ల తరబడి బడి ఉద్యోగం చేస్తూ రాశారు, రాసినవి మరీ ఎక్కువేం కాదు. 1995లో ఆయనకి సాహిత్య అకాడమీ అవార్డు వస్తే ఆ డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం మొదలుపెట్టారు. ఒక ఆదివారం బస్సెక్కి రా, తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని రా. అక్కడ పాత పత్రికలు తిరగేస్తుంటే ఒకటో రెండో కథలు రాసి ఆగిపోయినవాళ్ల పేర్లు ఎన్ని కనిపిస్తాయో. నాకెందుకో వాళ్లని చూస్తే ధైర్యంగా ఉంటుంది, అందరూ బాధపడతారు గానీ.

నీ విషయంలో నాకనిపించేది, ఈ సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా కొత్త కథ మొదలుపెట్టకు, ఉన్నది పూర్తి చెయ్యాలనీ పట్టుబట్టకు. చిన్న నోట్సు ఒకటి కొనుక్కుని రోజూ ఒక్క లైను, ఎవరైనా అన్న మాట, ఏదైనా ఖర్చు, అప్పులాయన గుమ్మంలో ఎలా నిలబడ్డాడో, అలాంటివి. కథలు పెట్టే యాప్ నీ ఫోన్లోనూ ఉంటే తీసేయ్. నాన్నగారి విషయం మీ అమ్మగారితో కూర్చుని మాట్లాడు, ఆసుపత్రికి ఎవరు ఏ రోజు వెళ్లాలో ముందే తేలితే నీ చదువుకి రోజులు మిగులుతాయి. మాకు అది తేలడానికి మూడు నెలలు పట్టింది, ఈలోపు నేనూ అన్నయ్యా ఊరికే కొట్టుకున్నాం.

మిగిలిన మూడింటిలో ముందు ఏది రాస్తున్నావో చెప్పు. మ్యాథ్స్ అయితే ఇక్కడే అడుగు, లాప్లాస్ దాకా నాకింకా గుర్తుంది. ఫిజిక్స్ అయితే మాత్రం నన్నడక్కు.