లేజర్‌తో చేసే, వెలుగునిచ్చే కార్బన్ కణాలు: మీ అమ్మాయిని ఈ లైన్‌లోకి పంపొచ్చా?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్‌లోకి వచ్చిందట, వెలుగునిచ్చే కార్బన్ నానో కణాలు, అంటే కంటికి కనపడనంత చిన్న కణాలు, లేజర్‌తో తయారుచేసే రీసెర్చ్‌లోకి వెళ్తానంటోంది, ఇంట్లోవాళ్లేమో ఎంసీఏ చేయించమంటున్నారట.

ఎమ్మెస్సీకే పంపండి సార్. ఎందుకో చెప్తా.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూడండి. గ్రాఫైట్ బిళ్లని బీకర్ అడుగున పెట్టి, పైన కొంచెం లిక్విడ్ పోసి, ఎన్డీ యాగ్ అనే రకం లేజర్ పల్సులు ఆ బిళ్లమీద పడేలా చేస్తారు, ఒక్కో పల్సు కొన్ని నానోసెకన్లే, టక్ టక్ అని సౌండ్ వస్తుంటుంది, కాసేపటికి లిక్విడ్ రంగు మారుతుంది. అందులో తేలేవే ఆ కణాలు, సైజు 10 నానోమీటర్ల లోపే. కానీ లేజర్ కొట్టగానే వెలిగిపోతాయనుకోవద్దు. 2006లో అమెరికాలో క్లెమ్సన్ యూనివర్సిటీ వాళ్లు లేజర్‌తో చేసిన కణాలు మొదట వెలగలేదు, యాసిడ్‌లో మరిగించి, పైన పాలిమర్ అతికించాకే మెరిశాయి. అంటే ఫిజిక్స్ ఒక్కటే సరిపోదు, ఉపరితలం కెమిస్ట్రీ కూడా రావాలి, మీ అమ్మాయికి రెండూ ఉన్నాయి, అదే నాకు బాగా నచ్చింది. కణాలు తయారుచేయడం కన్నా అవి ఎందుకు వెలుగుతున్నాయో తేల్చడమే కష్టం, అది తేల్చగలిగినవాళ్లకే ఈ ఫీల్డ్‌లో విలువ.

దారి ఏంటంటే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ఎంట్రెన్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రెన్స్ రాయాలి, ఈ హైదరాబాద్ యూనివర్సిటీలో లేజర్‌తో నానో కణాలు చేసే పని చాలాకాలంగా నడుస్తోంది. తర్వాత నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు ప్లస్ హెచ్ఆర్ఏ, రెండేళ్ల తర్వాత నెలకి 42,000. పీహెచ్‌డీకి ఐదేళ్లదాకా పట్టొచ్చు, అందుకని సంపాదన వెంటనే కావాలంటే మాత్రం ఇది కుదరదు, ఇంటి పరిస్థితి చూసుకోండి.

కార్బన్ కణాలు మాత్రమే చేసే ఉద్యోగం దొరకడం కష్టమేనండి. కానీ లేజర్ అలైన్ చేయడం, స్పెక్ట్రం (కాంతిలో ఏ రంగు ఎంతుందో చూపే గ్రాఫ్) చదవడం చేతికొస్తే ఇండోర్‌లో లేజర్ల మీద పనిచేసే ప్రభుత్వ రీసెర్చ్ సెంటర్ ఆర్ఆర్‌క్యాట్, హైదరాబాద్‌లోనే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్ల చెస్ ల్యాబ్ లాంటి చోట్ల ట్రై చేయొచ్చు.

ఒక్క జాగ్రత్త, ఆ లేజర్ 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు, అయినా రెటీనాని కాల్చేస్తుంది. గాగుల్స్ లేకుండా పని చేయించే ల్యాబ్ అయితే ఎంత పేరున్నా వద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

జామ్ ఫిబ్రవరిలో ఉంటుంది, అప్లికేషన్లు సెప్టెంబర్‌లోనే తెరుస్తారు, ఇప్పటినుంచే ఆప్టిక్స్, ఫిజికల్ కెమిస్ట్రీ పట్టుకోమనండి.