కొత్తగా ఇన్‌ఛార్జి అయిన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నిన్ను మీ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాలుకి షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది తల్లీ. ఆ ఫోన్‌లోనే ఇంకో సంగతి కూడా చెప్పింది. నీ కింద ఉన్న లైన్ లీడర్లు నలుగురూ అయినదానికీ కానిదానికీ నీకే ఫోన్ చేస్తున్నారట. ఇంటికొచ్చాక కూడా మోగుతూనే ఉందట, నీకు కంటి మీద కునుకు లేదట. "మావయ్య మిలిటరీలో అంతమందితో ఎలా పని చేయించాడో కనుక్కోమ్మా" అన్నావట. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మిలిటరీ అంటే ఒకడు అరుస్తాడు, మిగతావాళ్లు సెల్యూట్ కొట్టి చేస్తారు అనుకుంటారు బయటివాళ్లు. నేను సాపర్‌గా, అంటే సైన్యం ఇంజనీర్ దళంలో సిపాయిగా చేరి, సుబేదార్‌గా రిటైరయ్యాను. అక్కడ నేను చూసిన అసలు గొప్పతనం ఏంటంటే, ప్రతి మనిషి వెనకా ఇంకొకడు తయారుగా ఉంటాడు. పదిమంది సెక్షన్‌కి హవల్దార్ కమాండర్. అతని కింద నాయక్ ర్యాంకువాడో, లాన్స్ నాయక్ ర్యాంకువాడో రెండోవాడుగా ఉంటాడు. హవల్దార్‌కి దెబ్బ తగిలి పడిపోతే ఆ క్షణం నుంచి సెక్షన్ ఇతనిది. పైనుంచి ఎవరూ ఆర్డరు ఇవ్వనక్కర్లేదు. యుద్ధం లేని రోజుల్లోనూ ఇదే పద్ధతి. ఎప్పుడూ ఎవరో ఒకరు సెలవులోనో కోర్సులోనో ఉంటారు కదా, అతని కుర్చీలో కిందివాడు కూర్చుని పని నడుపుతాడు. కమాండర్ సెలవు పెట్టగానే పని ఆగిపోయిందంటే అతను లేకపోతే జరగదని ఎవరూ పొగడరు, అది అతని లోపం కిందే లెక్కేస్తారు.

నీ ఫోన్ అంతలా మోగుతోందంటే, నిన్ను అడక్కుండా ఏదీ చేయకూడదని వాళ్లకి అలవాటైపోయింది. కొత్తలో అది మనకి కాస్త గొప్పగానే ఉంటుంది. ముదరకముందే మాన్పించు.

మా మద్రాస్ సాపర్స్ సెంటర్ బెంగళూరులో అలసూరు చెరువు పక్కన. అక్కడ కుర్రాళ్లకి బెయిలీ వంతెన కట్టడం నేర్పిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి డిజైన్ అది, ఇప్పటికీ వాడుతున్నారు. పది అడుగుల పొడవు, అయిదు అడుగుల ఎత్తు ఉండే ఇనప ప్యానెళ్లు. ఒక్కోటీ దాదాపు 260 కిలోలు, ఆరుగురు కలిసి మోస్తారు. ప్యానెల్‌ని ప్యానెల్‌కి ఆనించి పిన్నులు కొడుతూ, వంతెనంతా ఇవతలి గట్టు మీదే కడుతూ, రోలర్ల మీద అవతలి గట్టుకి నెట్టుకుంటూ పోతారు. ముందుండే భాగానికి పైన చెక్కలు వేయరు, తేలిగ్గా ఉండాలని. వెనక చాలినంత బరువు లేకుండా నెట్టారంటే మొత్తం ముందుకు ఒరిగి ఏట్లో పడుతుంది. ప్యానెళ్లు మోసే పార్టీ ఒకటి, పిన్నులు కొట్టే పార్టీ ఒకటి, అడ్డదూలాలు వేసేది ఒకటి, పైన చెక్కలు పరిచేది ఒకటి. ఒక్కో పార్టీకి ఒక్కో లీడరు.

వంతెన కమాండర్ మాత్రం ఒక్క ప్యానెల్‌ని కూడా ముట్టుకోడు. నాలుగు పార్టీలూ కనిపించే చోట నిలబడతాడు. పిన్ను దిగడం లేదని ఒక పార్టీ తంటాలు పడుతుంటే, పరుగెత్తుకెళ్లి సుత్తి లాక్కోవాలని చెయ్యి దురద పెడుతుంది. ఎందుకంటే కమాండర్ కూడా ఒకప్పుడు ఆ పిన్నులు కొట్టినవాడే, అందరికంటే బాగా కొట్టినవాడే. అక్కడే ఆగాలి. అతను సుత్తి పట్టుకున్న ఆ రెండు నిమిషాల్లో అవతల రోలర్ పక్కకి జరిగితే చూసేవాడుండడు. పైగా ఆ పార్టీ లీడరుకి తన మనుషుల ముందు విలువ పోతుంది. మళ్లీసారి పిన్ను మొరాయిస్తే అతను ఆలోచించడు, కమాండర్ వైపు చూస్తాడు. నీ దగ్గర ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా ఇదే. హాల్లో మాత్రల్ని రేకుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ మెషీన్ గురించి నీకంటే తెలిసినవాళ్లు లేరు, అందుకే నీకు ఈ పోస్టు ఇచ్చారు. ఇకమీదట మెషీన్ మీద చెయ్యి వేయకుండా ఉండటమే నీకు కష్టమైన పని.

వయనాడ్‌లో 2024 జూలై 30న కొండచరియలు విరిగిపడినప్పుడు చూరల్‌మల దగ్గర మా సాపర్స్ 190 అడుగుల బెయిలీ వంతెన కట్టారు, గుర్తుందా? ఆగస్టు 1 సాయంత్రానికల్లా దాని మీద బండ్లు వెళ్లాయి. దగ్గరుండి కట్టించినవాళ్లలో మేజర్ సీతా శెల్కే ఉన్నారు. వానలో, రాత్రంతా, అంతమంది చేత అంత పని చేయించాలంటే ఒక్కరు అరిచి చెబితే కుదురుతుందా? ఏ పార్టీ లీడరుకి ఆ పార్టీ సంగతి పూర్తిగా తెలిసుంటేనే కుదురుతుంది.

ఇక పని ఎలా అప్పగించాలో చెబుతాను. "ఫలానా మెషీన్ దగ్గర ఫలానా అమ్మాయిని నిలబెట్టు, ఇది ముందు చెయ్యి, అది తర్వాత చెయ్యి" అని నువ్వు చెప్పావంటే, మధ్యలో ఏ చిన్న తేడా వచ్చినా వాళ్లు మళ్లీ నీ దగ్గరికే వస్తారు. వాళ్ల తప్పు కాదు, తేడా వస్తే ఏం చేయాలో నువ్వు చెప్పలేదుగా. దాని బదులు ఇలా చెప్పి చూడు: "సాయంత్రం ఆరింటికి లోడు బయల్దేరాలి, ఆసుపత్రులకి వెళ్లే సరుకు. పాత బ్యాచ్ మాత్ర గానీ, రేకు గానీ, డబ్బా గానీ ఒక్కటి కూడా లైన్ మీద మిగలకూడదు. బ్యాచ్ రికార్డులో రాసిన హద్దుల లోపల మెషీన్ సెట్టింగు నీ ఇష్టం, నన్ను అడక్కు. హద్దు దాటాల్సి వచ్చిందంటే మాత్రం లైన్ ఆపేసి క్వాలిటీ వాళ్లకీ నాకూ చెప్పు." ఎందుకు చేస్తున్నామో, ఎప్పటికి కావాలో, ఎక్కడిదాకా తన సొంత నిర్ణయమో ఆ మనిషికి తెలిసింది. మిగతాది తనకి వదిలెయ్.

చెప్పాక "అర్థమైందా?" అని అడగొద్దు. మా ట్రైనింగ్‌లో ఉస్తాద్ పాఠం అయ్యాక "కోయీ శక్?" అంటాడు, డౌట్లేమైనా ఉన్నాయా అని. మైదానమంతా "నహీ ఉస్తాద్!" అని అరుస్తుంది. అర్థమైనవాడూ అరుస్తాడు, కానివాడూ అరుస్తాడు. మంచి ఉస్తాద్ అక్కడితో వదలడు. వెనక వరసలోంచి ఒకణ్ని లేపి, నేను చెప్పింది నీ మాటల్లో చెప్పు అంటాడు. నువ్వూ అంతే. "సరే, ఎలా చేద్దామనుకుంటున్నావో చెప్పు" అని అడుగు. తన ప్లాన్ నీ ప్లాన్‌లా ఉండదు. ప్రమాదం లేనంతవరకు తన ప్లానే నడవనియ్యి, నీది ఇంకాస్త మెరుగైనా సరే.

సమస్యలు తేల్చడానికి మాకు ఒక పద్ధతి ఉంది, అప్రిషియేషన్ అంటాం. పేరుకి బెదరొద్దు, కాగితం మీద వరసగా ఆలోచించడమే. అన్నిటికంటే పైన ఒకే ఒక్క వాక్యంలో లక్ష్యం రాయాలి. సగం గొడవలు అక్కడే బయటపడతాయి. ఒక మందు నుంచి ఇంకో మందుకి లైన్ మార్చడానికి చాలా టైమ్ పడుతోందని పైవాళ్లు సతాయిస్తున్నారట కదా. లక్ష్యం "త్వరగా మార్చడం" అని రాశావంటే, శుభ్రం చేసే దగ్గర కోత పెట్టాలనే బుద్ధి పుడుతుంది. అక్కడ కోత పెడితే ఒక మందు డబ్బాలోకి ఇంకో మందు వెళ్తుంది, ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. కాబట్టి "చెకింగ్‌లో ఒక్క మెట్టూ తగ్గకుండా, లైన్ ఊరికే ఆగి ఉండే టైమ్ తగ్గించాలి" అని రాయాలి. చూశావా, ఇప్పుడు వెతకాల్సిన చోటే మారిపోయింది.

ఆ తర్వాత, లెక్కలోకి తీసుకోవాల్సినవన్నీ రాస్తాం. నేల, మనుషులు, టైమ్, సామాను. ప్రతి దాని పక్కనా "అయితే ఏంటి?" అని ప్రశ్న వేసుకుని జవాబు రాయాలి. విడిభాగాల గది తాళం రాత్రి షిఫ్టులో స్టోర్స్ మనిషి దగ్గర ఉంటుందనుకో. అయితే ఏంటి? మెషీన్ ఆగాక అతన్ని వెతుక్కుంటున్నారు. అయితే ఏంటి? ఆపకముందే సామాను లైన్ పక్కకి వచ్చి ఉండాలి. ఈ "అయితే ఏంటి" లేకపోతే అది ఉట్టి చిట్టా, దాంతో ఏ పనీ జరగదు. చివర్న కనీసం రెండు దారులు రాయమను. ఒకే దారి రాసుకొచ్చారంటే ముందే తేల్చేసుకుని వచ్చారని అర్థం.

ఈ కాగితం నువ్వు రాయకూడదు సుమా. నీ నలుగురు లీడర్ల చేత రాయించు. రాసినవాళ్లే నేర్చుకుంటారు. అందరూ కూర్చున్నప్పుడు అందరికంటే చిన్నవాళ్ల చేత ముందు మాట్లాడించు. సైనిక కోర్టులో తీర్పు దగ్గర కింది ర్యాంకు సభ్యుడి అభిప్రాయమే ముందు తీసుకోవాలని రూలు ఉంది. పెద్దాయన నోరు విప్పాక చిన్నవాడు అవునంటాడు తప్ప ఇంకోటి అనడు కాబట్టి. నువ్వు ఆఖర్న మాట్లాడు. ఇంకొకటి, చేతిలో ఉన్న టైమ్‌లో మూడో వంతు మించి నీ ఆలోచనకే ఖర్చు పెట్టకు. మిగిలిన రెండు వంతులు కిందివాళ్లకి కావాలి, వాళ్లూ ప్లాన్ చేసుకోవాలిగా.

పని అయ్యాక, మంచిగా అయినా చెడిపోయినా, నిలబడే పది నిమిషాలు మాట్లాడుకోండి. ఏం కావాలనుకున్నాం, ఏమైంది, ఎందుకైంది, రేపు ఏం మారుస్తాం. పేర్లు పెట్టి దెప్పడం మొదలైందంటే వెంటనే ఆపు. ఒక్కసారి దెప్పావా, ఇక నీకు నిజం చెప్పేవాళ్లుండరు. మందుల ఫ్యాక్టరీలో తప్పు కంటే దాచిన తప్పు ఎంత ప్రమాదమో నాకంటే నీకే బాగా తెలుసు. లీడర్ చేసిన తప్పుకి మేనేజర్ ముందు జవాబు చెప్పేది నువ్వే. లోపల తనతో విడిగా మాట్లాడుకో.

మనుషుల్ని ఎంచుకునేటప్పుడు చురుగ్గా చేసేవాళ్లకే పట్టం కట్టొద్దు. పక్కవాళ్లకి ఎవరు నేర్పిస్తున్నారో, ఎవరైనా తడబడితే జనం మెల్లగా ఎవరి దగ్గరికి వెళ్తున్నారో గమనించు. మా దగ్గర లాన్స్ నాయక్ చేయడానికి ముందు కేడర్ అనే శిక్షణ నడుపుతారు. కొన్ని వారాలు, మార్చి మార్చి ఒక్కొక్కడి చేతా కమాండ్ చేయించి చూస్తారు. నువ్వూ మార్చి మార్చి అవకాశం ఇవ్వు. నోరున్నవాళ్లు వెనకబడటం, నోరులేనివాళ్లు నిలబడటం కళ్లారా చూస్తావు.

డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ 1932లో మొదలైనప్పుడు అప్పటి సైన్యాధిపతి చెట్‌వుడ్ దొర చెప్పిన మాట ఇప్పటికీ ఆఫీసర్లందరూ నేర్చుకుంటారు: దేశం ముందు, నీ కింది మనుషుల గౌరవం, క్షేమం ఆ తర్వాత, నీ సుఖం ఎప్పుడూ ఆఖర్న. దీన్ని నేను తిండి దగ్గర చూశాను. మా లంగర్‌లో, అంటే వంటశాలలో వండింది ఆఫీసర్ రుచి చూసేవాడు. నువ్వు ఒక రాత్రి షిఫ్టులో క్యాంటీన్‌కి వెళ్లి, అందరికంటే ఆఖర్న వచ్చే అమ్మాయికి ఏం వడ్డిస్తున్నారో చూడు. చల్లారిన అన్నం, నీళ్ల చారు అయితే దాని గురించి గట్టిగా అడుగు. వాళ్లకి నీ మీద నమ్మకం కుదిరేది అక్కడే.

పైవాళ్లకి కాదని చెప్పాల్సి రావచ్చు. 1971 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ తూర్పు పాకిస్తాన్‌లోకి సైన్యాన్ని దించమంటే అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా ఇప్పుడు కాదన్నారు. వానాకాలం వస్తోంది, బలగాలు చెల్లాచెదరుగా ఉన్నాయి, నాకు టైమ్ కావాలని కారణాలతో చెప్పారు. డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకా లొంగిపోయింది. నువ్వు కూడా ఉత్త "కుదరదు" అనొద్దు. ఏం ఇస్తే ఎప్పటికి కుదురుతుందో చెప్పు.

మిలిటరీవన్నీ తీసుకోవద్దు. మా దగ్గర శిక్షలున్నాయి, యూనిఫాం ఉంది, వదిలి వెళ్లడం అంత సులువు కాదు. నీ దగ్గర ఎక్కువమంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు, ఒళ్లు మండితే రేపే మానేస్తారు. నలుగురిలో అరిచి పని చేయించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

ఈ వారమే ఒక లైన్ మార్పిడి మొత్తం ఒక లీడర్‌కి అప్పగించు. ఫోన్ వస్తే "నువ్వయితే ఏం చేస్తావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు. వచ్చే నెల మీ అమ్మని చూడటానికి రెండు రోజులు సెలవు పెట్టు. నీ బదులు ఎవరు చూస్తారో ముందు రోజే హాల్లో బోర్డు మీద రాయించు, ఆ రెండు రోజులూ మీ మేనేజర్ని కూడా వాళ్లకే ఫోన్ చేయమను.

ఆశీస్సులతో,
మీ మావయ్య