నేసినదా, అల్లినదా?

సందేహం: మాది విశాఖ పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసు. బయటి దేశాల నుంచి ఆడవాళ్ల రెడీమేడ్ బట్టలు తెప్పించుకునే చిన్న వ్యాపారుల కోసం తెలుగులో ఒక వివరణ కాగితం రాస్తున్నాను. టారిఫ్‌లో, అంటే దిగుమతి సుంకాల పట్టికలో, 61వ అధ్యాయం నిటెడ్ బట్టలకీ, 62వ అధ్యాయం అలా కానివాటికీ. మావాళ్లు రెండు చోట్లా 'నేసిన' అనే రాశారు. నేను టీషర్టుని 'అల్లినది' అంటే నవ్వారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీరన్నదే సరి, అమ్మా. రెండింటికీ 'నేసిన' అని రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే ఏ తేడా చెప్పడానికి దాన్ని రాస్తున్నారో ఆ తేడాయే అందులో లేకుండా పోతుంది.

నేతకి పడుగు, పేక రెండూ ఉండాలి. మగ్గం మీద పడుగు నిలువుగా బిగించి ఉంటుంది, పేక దాని కిందుగా పైగా అడ్డంగా పోతుంది. పొందూరు ఖద్దరైనా జీన్సు గుడ్డయినా అంతే. అల్లికలో ఈ పడుగూ పేకా లేవు. దారంతో ఒక ఉచ్చు వేసి, అందులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోవడమే, స్వెట్టరు అల్లే అమ్మ చేతిలో సూదులు చేసేదీ ఫ్యాక్టరీలో మిషను చేసేదీ అదే పని. నవ్విన వాళ్ల చేతికి ఒక పాత టీషర్టూ భూతద్దమూ ఇవ్వండి. గుడ్డని కాస్త సాగదీసి చూస్తే సన్నటి జడలు పక్కపక్కన వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. జడని మనం అల్లుతామే గాని నేయం కదా!

అయితే బుట్టనీ నులక మంచాన్నీ కూడా అల్లుతామంటాం, వాటిలో అడ్డం నిలువు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మగ్గం లేకుండా చేత్తో చేసే పనికి మన వాళ్లు అల్లడం అనే మాట వాడుకున్నారు. సాలె అంటే నేతగాడు, ఆ పేరే సాలెపురుగుకి పెట్టాం, కానీ అది గూడు అల్లుతుందనే అంటాం, దానికి మగ్గం లేదు మరి. బట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వెట్టరు, లేసు అల్లడం, చీర, పంచె నేయడం అని వాడుక స్థిరపడిపోయింది. ఇంకో సంగతి, 61వ అధ్యాయం పేరులో ఇంగ్లిష్ వాళ్లకి నిటెడ్, క్రోషెటెడ్ అని రెండు మాటలు కావలసి వచ్చాయి. నర్సాపురం ఆడవాళ్లు కొక్కెం సూదితో చేసే పనిని కూడా మనం లేసు అల్లడమనే అంటాం కాబట్టి 'అల్లిక దుస్తులు' అనే ఒక్క మాట రెండింటికీ చాలు. కొట్లలో అనే 'బనీను గుడ్డ' కూడా పక్కన రాయండి, వ్యాపారికి వెంటనే తెలుస్తుంది. బ్రాలు మాత్రం అల్లికవైనా 62లోనే, 6212 అనే శీర్షిక కింద, వస్తాయి, ఆ ముక్క మరచిపోకండి.

చీర సంగతి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. మన టారిఫ్‌లో మామూలు చీర ఈ రెండు అధ్యాయాల్లోనూ లేదు, అది గుడ్డల్లో ఉంది: పట్టుచీర 50లో, నూలుచీర 52లో. కుట్టు లేని బట్ట కదా. తెలుగు క్రియ కూడా ఈ తేడా చూపిస్తుంది, చీర కట్టుకుంటాం, గౌను వేసుకుంటాం. చీర అన్న మాటకి పాత తెలుగులో అసలు అర్థం వస్త్రమనే, రాముడు నారచీరలు కట్టి అడవికి వెళ్లాడని చదువుకున్నాం కదా. కానీ ఈ క్రియనే కొలబద్దగా పెట్టుకోకండి, కప్పుకునే శాలువా నేసినదైతే 62లో ఉంది.

నాకు అసలు భయం వేరే చోట ఉంది. మన నోట్లో పడి అర్థం మారిన ఇంగ్లిష్ మాటలు మీ కాగితంలో చాలా వస్తాయి. 6204లో 'డ్రెస్' అంటే ఒంటిపీసు గౌను, విశాఖలో డ్రెస్సు అంటే చున్నీతో సహా పంజాబీ డ్రెస్సు. అక్కడి 'జాకెట్' కోటులాంటిది, మన జాకెట్టు చీర మీదికి తొడుక్కునేది, నేసిన బ్లౌజులకి 6206 అని వేరే శీర్షికే ఉంది. లంగా అన్నారా, పైకి కనిపించే స్కర్టయితే 6204, లోపల కట్టుకునేదయితే 6208. అందుకని గౌను, కోటు, స్కర్టు, లోలంగా అని విడివిడిగా రాయండి, జాకెట్టు అని రాయవలసి వచ్చిన ప్రతిచోటా ముందు 'చీర మీది' అని చేర్చండి.