నాకు నార్త్ కరోలినాలో వచ్చిన మెడికెయిడ్ మా తమ్ముడికి టెక్సాస్‌లో ఎందుకు రాదు?

మీ ఇద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది, ఇద్దరి సంపాదనా దాదాపు ఒకటే, ఇద్దరికీ పిల్లలు లేరు. అయినా మీకు మంజూరైన మెడికెయిడ్‌ను, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాను, మీ తమ్ముడికి నిరాకరించారు. ఒకే దేశంలో ఈ తేడా ఎందుకని, అతను ఇప్పుడు ఏం చేయాలని అడిగారు. నేను నార్త్ కరోలినాలోనే ఉంటాను. వారాంతాల్లో ఒక ఉచిత వైద్యశాలలో బీమా దరఖాస్తులు నింపడానికి సాయం చేస్తుంటాను. మా చెల్లెలు కూడా మీ తమ్ముడి పరిస్థితినే కొన్నేళ్లు అనుభవించింది కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు వివరంగానే రాస్తున్నాను.

తేడా అంతా రాష్ట్ర శాసనసభలో ఉంది. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం ప్రకారం, 19 నుంచి 64 ఏళ్ల లోపు వారిలో ఫెడరల్ ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక రేఖకు 138 శాతం వరకు ఆదాయం ఉన్న వారందరికీ, పిల్లలు ఉన్నా లేకపోయినా, అన్ని రాష్ట్రాల్లోనూ మెడికెయిడ్ అందాలి. అయితే 2012 జూన్‌లో సుప్రీంకోర్టు, మెడికెయిడ్‌ను ఇలా ఎక్కువ మందికి విస్తరించడానికి ఒప్పుకోని రాష్ట్రాలకు పాత మెడికెయిడ్ నిధులు ఆపేస్తామని ఫెడరల్ ప్రభుత్వం ఒత్తిడి చేయకూడదని తీర్పు చెప్పింది. దానితో విస్తరణ ప్రతి రాష్ట్రం ఇష్టానికీ వదిలేసిన విషయమైంది. ఇప్పటికి 40 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ దీన్ని ఆమోదించాయి. ఆమోదించని పదింటిలో టెక్సాస్ ఒకటి. అక్కడ పిల్లలు లేని, వైకల్యం లేని 19 నుంచి 64 ఏళ్ల వారు ఎంత పేదవారైనా సాధారణంగా మెడికెయిడ్‌కు అర్హులు కారు. కాబట్టి మీ తమ్ముడి దరఖాస్తులో లోపమేమీ లేదు.

మా చెల్లెలి సంగతి చెబితే ఇందులోని అన్యాయం స్పష్టమవుతుంది. విడాకుల తర్వాత ఆమె ఒక దుకాణంలో గంటల లెక్కన పనిచేసేది. వారానికి ఎన్ని గంటల పని దొరుకుతుందో ముందుగా తెలిసేది కాదు. అప్పటికి మన రాష్ట్రంలో విస్తరణ రాలేదు గనుక మెడికెయిడ్ ప్రసక్తే లేదు. ప్రైవేటు బీమా పథకాలను ప్రభుత్వ సబ్సిడీతో కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైటులో వివరాలన్నీ నింపితే, చివరి పేజీలో సబ్సిడీ లేని పూర్తి ప్రీమియం మాత్రమే కనిపించింది. ఎందుకంటే ఆ సబ్సిడీ పేదరిక రేఖ దగ్గర మొదలవుతుంది, ఆమె ఆదాయం ఆ రేఖకు దిగువన ఉంది. రేఖకు దిగువన ఉన్న వారందరికీ మెడికెయిడ్ ఉంటుందన్న నమ్మకంతో 2010లో చట్టం రాశారు. కోర్టు తీర్పు తర్వాత ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు. కాస్త ఎక్కువ సంపాదించి ఉంటే ఆమెకు సాయం అందేది, తక్కువ సంపాదించినందుకు అందలేదు. ఆమెకు ఉబ్బసం ఉంది. రోజూ వాడవలసిన ఇన్‌హేలర్ మానేసి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేదానితోనే నెట్టుకొచ్చేది. దాని వెనుక ఎన్ని మోతాదులు మిగిలాయో చూపే చిన్న గడి ఉంటుంది. పీల్చే ముందు ఆ అంకె చూసుకుని, ఇంకాసేపు ఓర్చుకుందామని పక్కన పెట్టేయడం నేను కళ్లారా చూశాను.

నార్త్ కరోలినా శాసనసభ 2013లో విస్తరణ వద్దని ఏకంగా చట్టమే చేసింది. పదేళ్ల తర్వాత రెండు పార్టీల సభ్యులూ కలిసి హౌస్ బిల్ 76ను ఆమోదించగా, 2023 మార్చి 27న గవర్నర్ రాయ్ కూపర్ సంతకం చేశారు. అయితే రాష్ట్ర బడ్జెట్ ఆమోదం పొందిన తర్వాతే విస్తరణ అమలవుతుందన్న షరతు అందులో ఉంది. బడ్జెట్ తేలడానికి అక్టోబర్ వచ్చింది, అసలు బీమా డిసెంబర్ 1న మొదలైంది. మధ్యలోని ఆ నెలల్లో, చట్టం వచ్చిందట కదా అని ఆశగా మా వైద్యశాలకు వచ్చిన వారికి ఇంకా లేదని చెప్పి పంపడం ఎంతో బాధగా ఉండేది. సంతకం వార్త పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కుతుంది కానీ, ఇలాంటి షరతు ఎవరి కంటా పడదు. మీ తమ్ముడి రాష్ట్రంలో ఎప్పుడైనా ఇటువంటి బిల్లు వస్తే మొదట చూడవలసింది అమలు తేదీని, దానికి ముడిపెట్టిన షరతులను.

డబ్బు విషయానికొస్తే, ఇలా చేరిన వారి ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. రాష్ట్రం వాటా అయిన మిగిలిన 10 శాతాన్ని ఇక్కడ ప్రధానంగా ఆసుపత్రుల నుంచి వసూలు చేసే రుసుముతో భరిస్తున్నారు. ఆ 90 శాతం ఎప్పుడైనా తగ్గితే విస్తరణ రద్దయ్యేలా మన చట్టంలో ఒక నిబంధన ఉంది. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే, ఎందుకంటే మన శాసనసభ మళ్లీ ఓటు వేయనవసరం లేకుండానే లక్షల మంది బీమా పోవచ్చు. చేరతారని రాష్ట్రం అంచనా వేసిన 6 లక్షల మంది మొదటి ఏడాదికే చేరారంటే అవసరం ఎంతగా ఉండేదో మీరే ఆలోచించండి. మా చెల్లెలు వారిలో ఒకరు. ఇప్పుడు మందులకు, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె కట్టేది మహా అయితే 4 డాలర్లు.

మీ విషయంలో ఒక హెచ్చరిక. 2025 జూలై 4న సంతకమైన ఫెడరల్ చట్టం ప్రకారం, విస్తరణ కింద చేరిన వారు మినహాయింపులు వర్తిస్తే తప్ప నెలకు 80 గంటలు పని, చదువు లేదా సేవ చేస్తున్నట్లు చూపాలి. ఇది 2027 జనవరి 1 నాటికి అమల్లోకి వస్తుంది. అర్హతను కూడా ఏడాదికి బదులు ఆరు నెలలకోసారి పరిశీలిస్తారు. ఆర్కాన్సాలో 2018లో ఇలాంటి నిబంధన పెట్టినప్పుడు కొద్ది నెలల్లోనే సుమారు 18,000 మంది బీమా కోల్పోయారు. వారిలో చాలామంది పనిచేస్తున్నవారే, ఆ సంగతి నమోదు చేయడం దగ్గర చిక్కుకున్నారు. మా వైద్యశాలకు వచ్చే వారిలోనూ, ఇల్లు మారి కొత్త చిరునామా ఇవ్వకపోవడం వల్ల రెన్యూవల్ ఉత్తరం అందక కార్డు పోగొట్టుకున్నవారిని తరచుగా చూస్తుంటాను. మీ చిరునామా, ఫోన్ నంబరు కౌంటీ సోషల్ సర్వీసెస్ కార్యాలయంలో సరిచూసుకోండి, జీతం రసీదులు ఒక్కటీ పారేయకండి.

పౌరసత్వం లేని మనవాళ్లు ఇది చదువుతుంటే: హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్న పెద్దవారికి విస్తరణ వర్తించదు. గ్రీన్ కార్డు వచ్చినవారు సాధారణంగా ఐదేళ్లు ఆగాలి.

ఇక మీ తమ్ముడి విషయం. ఓక్లహోమా, మిస్సోరి రాష్ట్రాల ఓటర్లు 2020లో ప్రజాభిప్రాయ ఓటింగ్ ద్వారా విస్తరణ సాధించుకున్నారు. టెక్సాస్‌లో సంతకాలు సేకరించి అలా ఓటింగ్ పెట్టించే మార్గమే లేదు, శాసనసభే తలచుకోవాలి. ఈలోగా, రాబోయే ఏడాది ఆదాయం నిజంగానే పేదరిక రేఖను దాటుతుందేమో లెక్క వేసుకోమనండి. 2026 బీమాకు ఒంటరి వ్యక్తికి ఆ రేఖ 15,650 డాలర్లు. అదనపు షిఫ్టులు, పక్క పనుల ఆదాయం కూడా లెక్కలోకి వస్తాయి. దాటితే మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ దొరుకుతుంది, కానీ అంకె పెంచి చూపకూడదు. దాటకపోతే, ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి రుసుము తగ్గించి చికిత్స చేస్తాయి. హ్యూస్టన్‌లో అయితే హ్యారిస్ హెల్త్, డల్లాస్‌లో అయితే పార్క్‌లాండ్ తమ కౌంటీ వాసులకు ఆర్థిక సహాయ పథకాలు నడుపుతున్నాయి. లాభాపేక్ష లేని ఆసుపత్రి ఏదైనా సరే, బిల్లు చేతికొస్తే ఆర్థిక సహాయ దరఖాస్తు ఇవ్వమని అడగాలి. అలాంటి విధానం ఉండడం వాటికి చట్టరీత్యా తప్పనిసరి. అతను ఎప్పుడైనా మీ దగ్గరికే వచ్చి స్థిరపడితే, ఇన్ని నెలలు ఇక్కడ ఉండాలన్న షరతు మెడికెయిడ్‌కు లేదు కాబట్టి వచ్చిన వెంటనే దరఖాస్తు చేయవచ్చు. ప్రస్తుతానికి ఇటీవలి జీతం రసీదులు, చిరునామా రుజువు, ఫోటో గుర్తింపు కార్డు పట్టుకుని ఈ వారంలోనే దగ్గరలోని హెల్త్ సెంటర్‌కు వెళ్లమనండి, జబ్బు వచ్చేదాకా ఆగవద్దని చెప్పండి.