టెక్ సందేహాలు: పాత రికవరీ డిస్క్, కొత్త కంప్యూటర్

ప్రశ్న: చాలా ఏళ్ల క్రితం విండోస్ 7 ఫైళ్లతో సొంతంగా ఒక రికవరీ డిస్క్ తయారు చేసుకున్నాను. బ్యాకప్ ప్రోగ్రామ్, పార్టిషన్ టూల్, ఫైల్ మేనేజర్ అన్నీ అందులోనే ఉన్నాయి. పాత కంప్యూటర్‌లో ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. కొత్త డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి పెడితే మాత్రం లోగో దగ్గరే ఆగిపోయింది. బయోస్‌లో సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతిలో బూట్ చేయనిచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే కాస్త ముందుకెళ్లింది కానీ, నల్లటి కమాండ్ విండో ఒక్క క్షణం కనిపించి మెషీన్ రీస్టార్ట్ అవుతోంది. కంప్యూటర్‌లోనే లోపం ఉందంటారా? వెనక్కిచ్చేయమంటారా?

జవాబు: వెనక్కిచ్చే మాట అప్పుడే వద్దండీ. అందులో ఉన్న మామూలు విండోస్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోందా? నడుస్తుంటే లోపం కంప్యూటర్‌ది కాదు, డిస్క్‌ది. నిజానికి మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. రెండింటినీ కలిపి ‘క్రాష్’ అనేశారు, అక్కడే తికమక పడ్డారు.

ఇలాంటి డిస్క్ బూట్ అయ్యేటప్పుడు పని రెండు చేతులు మారుతుంది. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటి మూల ప్రోగ్రామ్) తనే డిస్క్‌ని చదివి, బూట్.విమ్ అనే ఫైలు మొత్తాన్నీ ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. ఆ తర్వాత పగ్గాలు విండోస్ పీఈ (ర్యామ్‌లోంచే నడిచే చిన్న విండోస్) చేతికి వస్తాయి. అక్కడినుంచి ఫర్మ్‌వేర్ సాయం ఉండదు. డిస్క్, కీబోర్డు, నెట్‌వర్క్... ఏది కావాలన్నా సొంత డ్రైవర్ ఉండాల్సిందే.

లోగో దగ్గర ఆగిపోవడానికి కారణం చిన్నదే. విండోస్ 7 యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) పద్ధతిలో లేచినా, తెర మీద బొమ్మ వేయడానికి పాత బయోస్ కాలపు వీడియో సర్వీసునే అడుగుతుంది. సీఎస్ఎం లేకపోతే ఆ పిలుపుకు పలికేవాళ్లు ఉండరు. మీరు సీఎస్ఎం ఆన్ చేశారు కాబట్టి అది దాటింది. చాలా కొత్త మెషీన్లలో ఆ ఆప్షనే ఉండదు, మీకు ఉండటం అదృష్టమే.

రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. విండోస్ 7 వచ్చింది 2009లో. అందులో యూఎస్‌బీ 3.0 డ్రైవరే లేదు. 2015లో వచ్చిన ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ల చిప్‌సెట్ల నుంచి పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ని తీసేశారు. అంటే పగ్గాలు చేతులు మారగానే మీ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్, కీబోర్డు, మౌస్ అన్నీ ఒక్కసారిగా మాయం. సొంతంగా తయారు చేసుకున్న డిస్కుల్లో చాలామంది ర్యామ్ మిగుల్చుకోవడానికి ప్రోగ్రాములను, ఒక్కోసారి డెస్క్‌టాప్ షెల్‌ని (తెర మీద మెనూలు, ఐకాన్లు చూపించే ప్రోగ్రామ్) కూడా బూట్.విమ్ బయట, డిస్క్ మీదే ఉంచుతారు. మీ డిస్క్ కూడా అలాంటిదే అయ్యుంటుంది. పీఈ ర్యామ్‌లోంచి బాగానే లేచింది, షెల్ కోసం డిస్క్ వైపు చూసింది, అక్కడ డిస్కే లేదు. మొదలుపెట్టాల్సిన ప్రోగ్రామ్ దొరక్కపోయినా, మూసుకుపోయినా పీఈ రీస్టార్ట్ అవుతుంది. అది దాని తీరే అంత. విండోస్ క్రాష్ అయితే వచ్చే నీలి తెర మీకు కనబడకపోవడం కూడా అందుకే. కాబట్టి ఇది క్రాషే కాదు.

అనుమానం తీరాలంటే ఓ చిన్న పరీక్ష చేయండి. ఆ నల్లటి విండో కనబడే లోపు క్యాప్స్ లాక్ నొక్కుతూ ఉండండి. మొదట్లో వెలుగుతూ ఆరుతూ ఉన్న లైటు, లోగో వచ్చాక ఎంత నొక్కినా కదలకుండా ఉండిపోతే, యూఎస్‌బీ డ్రైవర్ లేదనే అర్థం.

ఇప్పుడేం చేయాలంటారా? పాత డిస్క్‌కి యూఎస్‌బీ 3.0 డ్రైవర్ అతికించి నెట్టుకురావచ్చు. నేనైతే ఆ పని చేయను. రేపు ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్ఎస్‌డీ) డ్రైవర్ అంటుంది, ఎల్లుండి ఇంకోటి అంటుంది. పైగా డిస్క్ కోసం కొత్త మెషీన్‌ని పాత పద్ధతిలోకి దించడం తలపాగా చుట్టడానికి తల చెక్కుకున్నట్టు. డిస్క్‌నే కొత్తగా కట్టండి.

మైక్రోసాఫ్ట్ ఏడీకే (ఇలాంటి డిస్కులు తయారు చేసుకునే టూళ్ల కట్ట), దానికి విండోస్ పీఈ యాడ్-ఆన్, రెండూ ఉచితమే. రెండిటినీ విడివిడిగా ఇన్‌స్టాల్ చేయాలి. రెండోది మరిచిపోయి, పీఈ ఫైళ్లు ఎక్కడా అని వెతుక్కునేవాళ్లే ఎక్కువ. కాపీపీఈ అనే కమాండ్ మీకు పని ఫోల్డర్ తయారు చేసి ఇస్తుంది. అందులోని బూట్.విమ్‌ని డిస్మ్ టూల్‌తో ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేసి (అంటే విప్పి తెరిచి), మీ మెషీన్ డ్రైవర్లు చేర్చి, కమిట్ చేసి (మార్పులు భద్రపరిచి) అన్‌మౌంట్ చేయాలి. కమిట్ అని చెప్పకుండా డిస్కార్డ్ అంటే చేసిందంతా గంగలో కలిసినట్టే. అన్‌మౌంట్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉన్నా డిస్మ్ గొణుగుతుంది, ముందే మూసేయండి. చివర్లో మేక్‌విన్‌పీఈమీడియా కమాండ్‌తో పెన్‌డ్రైవ్ మీదకు రాసుకోవచ్చు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, చూసుకోండి.

రెండు సంగతులు. విండోస్ 11 పీఈలో 32 బిట్ రకం లేదు, 64 బిట్ పీఈ 32 బిట్ ప్రోగ్రాములను నడపదు. మీ పాత బ్యాకప్ టూల్‌కి 64 బిట్ వెర్షన్ ఉందేమో ముందే చూసుకోండి. ఇక డ్రైవర్లంటే ఐఎన్ఎఫ్ ఫైలు (డ్రైవర్ వివరాలు ఉండేది) ఉన్న విడి ఫోల్డర్లు. తయారీదారు ఇచ్చే సెటప్ ఫైలు అలాగే ఉంటే డిస్మ్‌కి పనికిరాదు, విప్పి లోపలి ఫోల్డర్లు తీసుకోవాలి.

డ్రైవర్లు చేర్చేటప్పుడు ఆశకు పోకండి. ఒకసారి నేనూ అలాగే, ఏ మెషీన్‌లో పెట్టినా నడవాలని ఓ పెద్ద డ్రైవర్ ప్యాక్ మొత్తం ఇమేజ్‌లోకి దించాను. ఫలితం: అంతకుముందు బూట్ అవుతున్న మెషీన్‌లో కూడా నీలి తెర! సగం డ్రైవర్లు తీసి చూడటం, మిగిలినవాటిలో మళ్లీ సగం తీసి చూడటం... అలా రెండు సాయంత్రాలు పోయాక, దొంగ ఒక పాత వైఫై డ్రైవర్ అని తేలింది. పీఈకి కావాల్సింది స్టోరేజ్ డ్రైవర్, వైరుతో నడిచే నెట్‌వర్క్ డ్రైవర్, అంతే. తెర మామూలు డిస్‌ప్లే డ్రైవర్‌తో గడిచిపోతుంది. సౌండ్ దేనికి చెప్పండి!

ప్రశ్న: విండోస్ 11 పీఈతోనే కొత్తగా చేసుకున్న డిస్క్ నా ల్యాప్‌టాప్‌లో బాగానే బూట్ అవుతోంది. కానీ లోపలి ఎస్ఎస్‌డీ కనిపించడం లేదు. డిస్కుల జాబితా చూపే డిస్క్‌పార్ట్‌లో చూస్తే నా పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. ఎస్ఎస్‌డీ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మామూలుగా విండోస్ లేస్తోంది కదా, ఎస్ఎస్‌డీ ఎక్కడికీ పోలేదు. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో ఉండి వస్తోంది. ఎస్ఎస్‌డీ దాని వెనక దాక్కుంటుంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ ఉంటేనే కనిపిస్తుంది, పీఈలో అది ఉండదు.

ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో ఆ డ్రైవర్ దించుకుని, విప్పి, పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. పీఈ లేచాక డ్రైవ్‌లోడ్ అని కొట్టి, పక్కన వీఎండీ ఐఎన్ఎఫ్ ఫైలు దారి ఇవ్వండి. మళ్లీ డిస్క్‌పార్ట్ తెరిచి చూస్తే ఎస్ఎస్‌డీ వచ్చి కూర్చుంటుంది. అలా పని చేసిందని తేలాక అదే డ్రైవర్‌ని డిస్మ్‌తో బూట్.విమ్‌లోకి శాశ్వతంగా చేర్చుకోండి.

బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేస్తే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. పీఈకి కనిపిస్తుంది, నిజమే. కానీ మరిచిపోయి అలాగే వదిలేస్తే మీ అసలు విండోస్ ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ నీలి తెర చూపించవచ్చు. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా అడగొచ్చు. బయోస్‌లో చెయ్యి పెట్టేముందు ఆ కీ మీ దగ్గరుందో లేదో చూసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకోచోట రాసి ఉంచుకోండి.

ప్రశ్న: కొత్తగా అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్‌లో రికవరీ పెన్‌డ్రైవ్ ఒక్కోసారి ఒక్కో చోట క్రాష్ అవుతోంది. నీలి తెర మీద కోడ్ కూడా ప్రతిసారీ మారుతోంది.

జవాబు: డ్రైవర్ తప్పయితే ఎప్పుడూ దాదాపు అదే చోట, అదే కోడ్‌తో పడుతుంది. చోటూ కోడూ రోజుకోరకంగా మారుతుంటే నా అనుమానం ముందు ర్యామ్ మీదకే పోతుంది. పీఈ మొత్తం ర్యామ్‌లోనే కాపురం ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక్క బిట్ తప్పినా ఎక్కడ కూలుతుందో చెప్పలేం. బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపేసి చూడండి. అయినా అంతే అయితే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని రాత్రంతా నడపండి. ఆరో వెర్షన్ నుంచి అది యూఈఎఫ్ఐలోనూ నడుస్తుంది. ఒక్క తప్పు చూపించినా, ర్యామ్ కర్రలు ఒక్కొక్కటే పెట్టి మళ్లీ పరీక్షించండి. తప్పే లేదంటే పెన్‌డ్రైవ్ మార్చి చూడండి, చవక పెన్‌డ్రైవ్‌లూ ఇలాంటి వేషాలే వేస్తాయి.

ప్రశ్న: రికవరీ డిస్క్ కోసం సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే రక్షణ) ఆఫ్ చేశాను. అలాగే వదిలేయొచ్చా?

జవాబు: వద్దు, పని అయ్యాక ఆన్ చేసేయండి. అసలు ఏడీకేతో చేసిన పీఈకి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి ఆఫ్ చేయాల్సిన అవసరం రాకూడదు. వచ్చిందంటే బహుశా మీ డిస్క్‌లోని బూట్ మేనేజర్ (విండోస్‌ని లేపే ఫైలు) పాతదై ఉంటుంది. 2023లో బయటపడ్డ ఒక బూట్ లోపం తర్వాత, పాత సంతకంతో ఉన్న బూట్ మేనేజర్లను నిరోధించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ తెచ్చింది. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు కూడా 2026 జూన్ నుంచి మొదలై వరసగా ముగుస్తుంది. కొత్త ఏడీకే దించుకుని, 2023 సర్టిఫికెట్‌తో సంతకం చేసిన బూట్ ఫైళ్లతో డిస్క్ మళ్లీ తయారు చేసుకోండి. పాత పెన్‌డ్రైవ్‌ని మాత్రం చెరిపేయకండి, పాత మెషీన్ ఏదైనా ఉంటే దానికి అదే కావాల్సి రావచ్చు.