వేబ్రిడ్జి గదిలో మొదలుపెట్టండి

ప్రశ్న: మేడమ్, బీకాం చదివి మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి తేలిగ్గా ఉండేలా రూపొందించడం) మీద ఇష్టంతో ఆన్‌లైన్ కోర్సు చేశాను. స్క్రీన్లు తయారుచేసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ బాగానే వచ్చింది. ఫుడ్ డెలివరీ యాప్‌కి, పాటల యాప్‌కి కొత్త స్క్రీన్లు చేసి పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనులు చూపించే సంకలనంలో) పెట్టాను. ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. నాకు బొమ్మలు వేయడం రాదు, కోడింగ్ రాదు. డిజైన్ డిగ్రీ లేనివాళ్లకి ఈ రంగంలో చోటు లేదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట రైస్ మిల్లు. పోర్ట్‌ఫోలియోలు చూడటం నా ఉద్యోగంలో ఒక భాగం. ఫుడ్ డెలివరీ యాప్‌కి మెరుగులు దిద్దినవి కుప్పలుగా వస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. ఎవరికి ఏ ఇబ్బంది ఉందని ఇది మార్చారు అని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. వాళ్ల తప్పేం లేదు, ఆ వాడేవాళ్లు వాళ్లకి అందుబాటులో లేరు. మీకు ఉన్నారు, రోజూ కళ్లెదుటే.

1985లో జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ అనే ఐబీఎం పరిశోధకులు ఈ విద్యకి మూడు సూత్రాలు రాశారు. మొదటి నుంచీ వాడేవాళ్లనీ వాళ్ల పనినీ గమనించాలి. నమూనా వాళ్ల చేత వాడించి, ఎక్కడ ఆగారో, ఎంతసేపు పట్టిందో కొలవాలి. బయటపడ్డవి దిద్ది మళ్లీ వాడించాలి. ఇన్నేళ్లయినా వీటిని కాదన్నవాళ్లని నేను చూడలేదు. పాటించనివాళ్లని మాత్రం రోజూ చూస్తున్నాను.

మీ మిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి గదిలోకి వెళ్లి, ఆపరేటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. ధాన్యం సీజన్‌లో ఒక మిల్లులో నేనలా కూర్చున్నాను. లోడు లారీ కాంటా ఎక్కుతుంది, మొదటి తూకం పడుతుంది. లారీ దించుకోవడానికి లోపలికి వెళ్తుంది. ఖాళీ అయ్యాక మళ్లీ కాంటా ఎక్కితే రెండో తూకం. తేడాయే ధాన్యం బరువు. కానీ వెళ్లిన వరసలో లారీలు తిరిగి రావు. హమాలీలు దేన్ని ముందు దించితే అది ముందొస్తుంది. అక్కడి సాఫ్ట్‌వేర్‌లో పాత తూకం వెతకాలంటే బండి నంబరు మొత్తం కొట్టాలి. డ్రైవరేమో కిటికీలోంచి చివరి నాలుగంకెలే అరుస్తాడు. అందుకని ఆపరేటర్ కీబోర్డు పక్కన ఒక అట్టముక్క పెట్టుకుని, ఆ నాలుగంకెలకి ఎదురుగా పూర్తి నంబరు రాసుకుంటున్నాడు. అదేంటని అడిగితే, 'ఇది లేకపోతే లైను రోడ్డుదాకా పోద్దమ్మా' అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏం లేదో ఆ అట్టముక్క చెప్పేసింది. మీ మిల్లులో అట్టముక్క ఉండకపోవచ్చు. గోడ మీద సుద్దగీతలో, చొక్కా జేబులో చీటీయో ఉంటుంది. వెతకండి.

దొరికాక కంప్యూటర్ జోలికి పోకుండా తెల్లకాగితాల మీద పెన్నుతో స్క్రీన్లు గీయండి. గళ్లు, బటన్లు, పేర్లు ఉంటే చాలు. అందుకే, బొమ్మలు రాకపోయినా నష్టం లేదు. కాగితం ఆపరేటర్ ముందు పెట్టి, 'ఇప్పుడొక ఖాళీ లారీ వచ్చింది, ఏం చేస్తారో బయటికి చెబుతూ చేయండి' అనండి. ఆయన వేలు పెట్టిన చోటుని బట్టి తర్వాతి కాగితం మీరు మార్చాలి. ఇక మాట్లాడకండి. ఆయన తడబడినప్పుడు 'ఇక్కడ నొక్కండి' అనాలని నాలుక దురద పెడుతుంది. ఓర్చుకోండి, ఆ తడబాటు చూడటానికే కదా వెళ్లింది. 'బాగుందా?' అని అసలు అడగొద్దు. మొహమాటానికి బాగుందనే అంటారు. పరీక్షకి ఐదుగురు సరిపోతారని ఈ రంగంలో నిపుణుడైన జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. మీకు రాత్రి షిఫ్టు ఆపరేటర్, గుమస్తా, పక్క మిల్లులో ఒకరిద్దరు దొరక్కపోరు.

రైతుకిచ్చే చీటీ, చెల్లింపు స్క్రీను తెలుగులో చేయండి. ఇంగ్లిషు అక్షరాలకి కుదిరిన లైను ఎత్తు తెలుగుకి చాలదు. బటన్ ఇరుకైతే 'చెల్లింపు'లో లావత్తు కిందికి తెగిపోతుంది. ఫిగ్మాలో లైను ఎత్తు పెంచి, తక్కువ ధర ఫోనులో, ఎండలో నిలబడి చూసుకోండి.

కోడింగ్ సంగతి: వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కొంచెం తెలిస్తే డెవలపర్లతో మాట సాగుతుంది, అంతే చాలు. డిగ్రీ లేకుండా ఈ పని చేస్తున్నవాళ్లు బోలెడుమంది. చదవాలనే ఉంటే, బీకాం వాళ్లు కూడా డిజైన్ పీజీలో చేరడానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయొచ్చు, వయసు పరిమితి లేదు. ఆ పీజీ, అంటే ఎం.డెస్, ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉంది. సీడ్ పరీక్షలో మాత్రం బొమ్మలు గీయాలి, సాధన కావాలి.

పోర్ట్‌ఫోలియోలోంచి ఆ యాప్‌లు రెండూ తీసేయండి. ఈ ఒక్క పనే పెట్టండి: మొదటి కాగితాల ఫొటోలు, ఎవరు ఎక్కడ ఆగారు, దాంతో మీరేం మార్చారు, మార్చాక ఏమైంది. పెట్టేముందు మిల్లు యజమానిని అడగండి. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బండి నంబర్లు ఫొటోల్లో కనబడకుండా చెరిపేయండి.