పక్షవాతానికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చెయ్యి లేస్తుందా?

ప్రశ్న: మా బాపు వయసు 58. ఏడు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం భుజం దాకా లేవట్లేదు, వేళ్లు కొద్దిగా కదులుతాయి. స్టెమ్ సెల్స్ మూడు డోసులు ఎక్కిస్తే చెయ్యి వస్తుందని, నాలుగు లక్షలవుతుందని ఒక సెంటర్ వాళ్లు చెప్పారు. ఇంట్లో అరెకరం అమ్ముదామంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకుడు, పరకాల

జవాబు: పొలం అమ్మకండి.

స్టెమ్ సెల్స్ (శరీరంలో రకరకాల కణాలుగా మారగల మూలకణాలు) మీద పరిశోధన జరుగుతున్న మాట నిజమే. ఇంకా పరీక్షల్లో ఉన్నదాన్ని వైద్యమని అమ్మడంతోనే వస్తోంది చిక్కు. మన దేశంలోనే ఐదు ఆసుపత్రుల్లో 120 మంది పక్షవాత రోగుల మీద దీన్ని పరీక్షించారు. సగం మందికి వాళ్ల ఎముక మజ్జలోంచి తీసిన కణాలనే ఎక్కించారు. 2014లో ఫలితాలు వచ్చాయి. హాని లేదు, లాభమూ కనిపించలేదు. పైగా వాళ్లకు ఎక్కించింది జబ్బు వచ్చిన నెలలోపే. మీ బాపుకు ఏడు నెలలయ్యాయి.

అమెరికాలో పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి నేరుగా మెదడులోకే కణాలు పంపారు. 18 మందిలో మంచి మార్పు వచ్చిందని 2016లో పెద్ద వార్తయింది. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు కొందరికి కణాలు వేయకుండా ఉత్తుత్తి ఆపరేషన్ మాత్రమే చేశారు. రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. వాట్సాప్‌లో మీకొచ్చే వీడియోల్లోని మనుషులు ఫిజియోథెరపీ కూడా చేస్తూనే ఉంటారు, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను ట్రయల్ (అనుమతితో చేసే పరిశోధన పరీక్ష) బయట వాడకూడదు. ట్రయల్ అయితే రోగి దగ్గర ఫీజు తీసుకోకూడదు. కాబట్టి ఆ సెంటర్ వాళ్లను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ జాబితా) నంబరు అడగండి. నాలుగు లక్షలు అడుగుతున్నారంటే జవాబు మీకు ముందే తెలిసిపోయినట్టే.

ఇక చెయ్యి సంగతి. వేళ్లు కదులుతున్నాయన్నారు, నాకు ఆశ కలిగించిన మాట అదే. మణికట్టు కొంచెం పైకి లేపగలిగితే, మంచి చేతికి రోజులో ఎక్కువసేపు తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించే పద్ధతి ఒకటుంది. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్లకు ఇది మేలు చేసిందని 2006లో తేలింది. మీ బాపు సరిగ్గా ఆ గడువులోనే ఉన్నారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ దగ్గర్లో గానీ ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఇది ఆయనకు కుదురుతుందా అని అడగండి. ఇంట్లో పళ్లెంలో చింతగింజలు పోసి ఒక్కొక్కటే ఏరి గ్లాసులో వేయమనండి. విసుగొస్తుంది, కోపమూ వస్తుంది. పది నిమిషాలు ఆపి మళ్లీ మొదలుపెట్టించండి.

లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి గుంజొద్దు, భుజం కీలు జారుతుంది. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు చివర్లో అది. వేళ్లు బిగుసుకుపోతుంటే న్యూరాలజిస్టుకు చెప్పండి, కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్లున్నాయి.

బీపీ 130/80 లోపు ఉండాలి. ‘బాగానే ఉంది కదా’ అని మాత్రలు ఆపేసి రెండోసారి పక్షవాతంతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. మళ్లీ మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. చివరిసారి ఎన్ని గంటలకు మామూలుగా ఉన్నారో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి.